ఎండ తగలని లోయలో ఆరు రోజులు

మొదటి రోజు

ఓస్లో నుంచి కారులో మూడు గంటలు. చివరికొచ్చేసరికి రోడ్డు టిన్ సరస్సు ఒడ్డు పట్టుకుని సాగింది. 400 మీటర్లకు పైగా లోతున్న సరస్సు అది. దాన్ని దాటాక లోయ ఒక్కసారిగా ఇరుకైపోయింది. రెండు పక్కలా నిటారు కొండలు, వాటి మీంచి నీలంగా, తెల్లగా వేలాడుతున్న జలపాతాలు. ఒక్కటీ కదలడం లేదు. నేను కారు అద్దం దించి తల బయటపెట్టి చూస్తుంటే, "ముందు ఊరు చేరనీ, అవెక్కడికీ పోవు" అన్నాడు అన్న.

అన్నంటే సొంత అన్న కాదు. ఆఫీసులో నాకు సీనియర్, పన్నెండేళ్లుగా కొండలెక్కుతున్నాడు. నేను మొదలుపెట్టి మూడేళ్లు. ఇప్పటిదాకా అన్న ముందు ఎక్కి తాడు బిగిస్తే, వెనక నేను ఎక్కడమే. ఈసారి గడ్డకట్టిన జలపాతం ఒక్కటైనా నేనే ముందుండి ఎక్కాలని, అంటే లీడ్ చేయాలని, ర్యూకన్ వచ్చాం.

ఇక్కడే ఎందుకంటే, ఈ ఊరికి ఎండ రాదు. నార్వేలోని టెలిమార్క్ ప్రాంతంలో, తూర్పు పడమరలుగా సాగే లోతైన లోయ అడుగున ఉంటుంది ర్యూకన్. దక్షిణాన 1,883 మీటర్ల గౌస్టాటొప్పెన్ పర్వతం. చలికాలంలో సూర్యుడు ఆ కొండల గట్టు దాటి పైకి రాడు. సెప్టెంబర్ చివరి నుంచి మార్చి దాకా, దాదాపు ఆరు నెలలు లోయంతా నీడే. ఊరివాళ్లు ఎండ కోసం 2013లో కొండ మీద, ఊరికి 450 మీటర్ల ఎత్తున, మూడు పెద్ద అద్దాలు పెట్టించారు. అవి సూర్యుడి వెంట తిరుగుతూ వెలుగును ఊరి మధ్య చౌరస్తా మీద పడేస్తాయి. ఊరివాళ్లను అంత బాధపెట్టిన ఆ నీడ వల్లే ఇక్కడి జలపాతాలు నెలల తరబడి గట్టిగా నిలుస్తాయి. ఎండ తగిలే గోడ మీద, తాడు తగిలించడానికి తిప్పి దించిన స్క్రూ చుట్టూ మధ్యాహ్నానికల్లా కరగడం మొదలవుతుంది. ఇక్కడ ఆ భయం తక్కువ.

ఒక మాట చెప్పుకోవాలి. తెల్లారి కమ్మే పొగమంచైనా, పైనుంచి కురిసేదైనా, గాజులా గడ్డకట్టినదైనా మనకు అన్నీ మంచే. ఎక్కేవాడికి మాత్రం ఆ తేడాలోనే ప్రాణం ఉంది. అందుకే ఇకమీదట కురిసి పడిన దాన్ని మంచు అంటాను, నీరు గడ్డకట్టి గోడలా తయారైన దాన్ని ఐస్ అంటాను.

రాత్రి గదిలో సామానంతా నేల మీద పరిచాం. ఒక్కొక్కరికి రెండు ఐస్ టూల్స్ (ఐస్‌లో దిగే ఉక్కు ముక్కున్న చిన్న గొడ్డళ్లు), బూట్లకు తగిలించే ఉక్కు పళ్ల క్రాంపాన్లు, హెల్మెట్, నడుముకు కట్టుకునే హార్నెస్. ఇద్దరికీ కలిపి 60 మీటర్ల హాఫ్ రోప్‌లు (జంటగా వాడే సన్న తాళ్లు) రెండు, నీళ్లు పీల్చని రకం. ఐస్ స్క్రూలు 12: ఎక్కువ 16 సెంటీమీటర్లవి, పల్చటి చోట్ల కోసం 10 సెంటీమీటర్లవి రెండు, 22 సెంటీమీటర్లది ఒకటి. అన్న తన టూల్స్ ముక్కును చేత్తో ఆకురాయి పెట్టి సాన పట్టాడు, నాతోనూ పట్టించాడు. మెషీన్ మీద పెడితే తొందరగా అయిపోతుంది గానీ, ఆ వేడికి ఉక్కు పదును నిలుపుకునే గుణం పోతుంది. ఒకవైపే, నెమ్మదిగా, ముక్కు చివర చిన్న మెరుపు కనిపించే దాకా గీయాలి. నాకు గంట పట్టింది.

రెండో రోజు: క్రోకన్

పొద్దున మైనస్ 9. ఊరికి పైన, లోయ ఎగువన ఉంటుంది క్రోకన్. నార్వే ట్రెక్కింగ్ సంఘం 1868లో కొన్న మొట్టమొదటి బస ఇక్కడిదే. అప్పట్లో జనం వచ్చింది 104 మీటర్ల ర్యూకన్ జలపాతం చూడటానికి. పొగలా తుంపర్లు లేస్తాయని ఆ జలపాతానికి ఆ పేరు, దాన్నుంచి ఊరికీ అదే పేరు. తర్వాత విద్యుత్ కేంద్రాల కోసం నీళ్లను సొరంగాల్లోకి మళ్లించారు. ఇప్పుడు గోడల వెంట ఊరే చిన్న చిన్న పాయలే చలికి గడ్డకట్టి, 20, 30 మీటర్ల ఐస్ తెరలవుతాయి. కారు దిగి పది నిమిషాలు నడిస్తే వాటి అడుగున ఉంటాం. నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి చోటు నేను చూడలేదు.

అన్న పైకి నడిచి వెళ్లి చెట్టుకు తాడు కట్టి కిందికి వదిలాడు. టాప్ రోప్ మీద, అంటే అలా పైనుంచి వచ్చే తాడుకు కట్టుకుని, పొద్దంతా ఒకటే పని: కొట్టడం, నిలబడటం. ఐస్‌ను సుత్తి పెట్టి కొట్టినట్టు బలంగా బాదకూడదు. మోచేయి గోడకేసి ఉంచి, చివర్లో మణికట్టు ఒక్కసారి విదిలించాలి. ఉబ్బుగా ఉన్నచోట కొడితే పగులుతుంది, చిన్న గుంట చూసుకుని కొడితే ముక్కు దిగుతుంది. రెండు టూల్స్ పక్కపక్కన కాకుండా ఒకటి పైన, ఒకటి కింద. పాదాలు రెండూ సమానంగా, పై టూల్‌కు అటూ ఇటూ. అంటే ఒంటితో త్రిభుజం గీసినట్టు. ఇంకో ముఖ్యమైన సంగతి, మడమలు కిందికి దించడం. భయం వేస్తే మడమలు వాటంతటవే లేస్తాయి. లేచాయంటే క్రాంపాన్ ముందు పళ్లు కిందికి తిరిగి ఐస్‌ను కోసుకుంటూ జారిపోతాయి.

ఆ ముందు పళ్ల చరిత్ర నాకు చాలా ఇష్టం. ఆస్కర్ ఎకెన్‌స్టైన్ 1908లో పది పళ్ల క్రాంపాన్లు రూపొందించాడు. అవన్నీ కిందికే ఉండేవి. నిటారు గోడ వస్తే గొడ్డలితో మెట్లు నరుక్కుంటూ పోవడమే. 1929లో లారెంట్ గ్రివెల్ ముందుకు పొడుచుకొచ్చే రెండు పళ్లు చేర్చాడు. గోడకు ఎదురుగా నిలబడటం దాంతో సాధ్యమైంది. ఈరోజు నేను అరచేయంత ఐస్ కూడా నరక్కుండా 25 మీటర్లు ఎక్కానంటే ఆ రెండు పళ్ల వల్లే.

మధ్యాహ్నం ఆ పళ్లే ఇబ్బందిపెట్టాయి. గోడ సగంలో ఉండగా కుడి క్రాంపాన్ బూటు నుంచి ఊడి కాలికి పట్టీతో వేలాడింది. అద్దెకు తెచ్చుకున్న బూట్లు. వాటి ముందరి గాడి కాస్త వెడల్పు, క్రాంపాన్ తీగ అందులో సరిగ్గా కూర్చోలేదు. కింద ఉండగానే బూటును గట్టిగా తన్ని చూసుంటే తెలిసిపోయేది. నేను చూడలేదు. "అన్నా, టైట్!" అని అరిస్తే తాడు వెంటనే బిగిసింది, మెల్లగా దించాడు. టాప్ రోప్ కాబట్టి సరిపోయింది. రాత్రి కూర్చుని క్రాంపాన్ తీగను పక్క రంధ్రంలోకి మార్చి, పట్టీ బిగించి, పది సార్లు గోడకు తన్నాను.

కిందికి దిగాక చేతులకు ప్రాణం వచ్చింది. ఆ నొప్పి తెలియనివాళ్లకు చెప్పడం కష్టం. చేతులు పైకెత్తి పట్టుకుని ఉండటం వల్ల, చలి వల్ల వేళ్లలో రక్తం తగ్గిపోతుంది. తిరిగి వచ్చేటప్పుడు గోళ్ల కింద సూదులు దింపుతున్నట్టు ఉంటుంది, కడుపులో తిప్పుతుంది. రెండు నిమిషాలు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అన్న ఏమీ మాట్లాడకుండా నా భుజం మీద చేయి వేసి నిలబడ్డాడు.

మూడో రోజు: మళ్లీ క్రోకన్

రాత్రికి రాత్రి మైనస్ 17కు పడిపోయింది. నిన్న ఒక్క దెబ్బకు దిగిన చోటే ఇవాళ మూడు దెబ్బలు. ప్రతి దెబ్బకూ పళ్లెమంత చెక్క ఊడి కిందికి పోతోంది. చలి ఎక్కువైతే ఐస్ పెళుసవుతుంది. మైనస్ 3 నుంచి మైనస్ 8 దాకా మెత్తగా, ముక్కును పట్టుకునేలా ఉంటుంది. అందుకే ఎక్కేవాళ్లు ఎంత చలైతే అంత మంచిదని అనుకోరు. కింద నిలబడేవాడు కూడా ఎప్పుడూ తాడుకు పక్కగా, వీలైతే రాతి చూరు కింద ఉండాలి. పక్క గోడ దగ్గర ఒకాయన ఎక్కేవాళ్లకు సరిగ్గా కింద కూర్చుని థర్మాస్ మూత తిప్పుతున్నాడు. అన్న వెళ్లి మర్యాదగా చెప్పి లేపాడు. ఆయన లేచిన పావుగంటకు అక్కడ తలకాయంత గడ్డ పడింది.

ఎక్కడం మానేసి ఈరోజంతా స్క్రూల మీద పెట్టాం. ఐస్ స్క్రూ అంటే లోపల బోలుగా ఉండే గొట్టం. తిప్పుతూ లోపలికి పంపిస్తే, కోసిన ఐస్ సన్నటి కడ్డీలా వెనక నుంచి బయటికి వస్తుంది. ఆ కడ్డీని చూడమన్నాడు అన్న. నేను మూడేళ్లుగా స్క్రూలు తీస్తున్నాను గానీ ఎప్పుడూ చూడలేదు. పారదర్శకంగా, తెగకుండా వస్తే లోపలంతా ఐసే. తెల్లగా పొడిపొడిగా రాలితే గాలి బుడగలున్న ఐస్. తిప్పుతుంటే ఉన్నట్టుండి చెయ్యి తేలిపోయి, కడ్డీ ఆగిపోతే లోపల ఖాళీ ఉందన్నమాట. తడి గుజ్జు వస్తే నీళ్లు. గోడ లోపల ఏముందో బయటికి తెచ్చి చూపించేది అదొక్కటే. అరచేతిలో పెట్టుకుని చూశాను. రెండు అంగుళాల కడ్డీ, మధ్యలో వెంట్రుకలాంటి పగులు ఒకటి, మిగతాదంతా గాజు.

మధ్యాహ్నం నుంచి అబలకోవ్, అంటే కిందికి దిగడానికి ఐస్‌లోనే చేసుకునే కట్టు. సోవియట్ పర్వతారోహకుడు విటాలీ అబలకోవ్ పేరుతో పిలుస్తారు. 22 సెంటీమీటర్ల స్క్రూతో ఏటవాలుగా ఒక రంధ్రం, దానికి కాస్త పక్కన ఎదురు దిశలో ఏటవాలుగా ఇంకొకటి. రెండూ లోపల కలవాలి, పై నుంచి చూస్తే త్రిభుజంలా. ఒక రంధ్రంలో 7 మిల్లీమీటర్ల తాడు ముక్క దూర్చి, రెండో దాంట్లోంచి కొక్కెం ఉన్న తీగతో లాగి ముడి వేస్తే, దానికి తాడు తగిలించి దిగిపోవచ్చు. ఖరీదైన స్క్రూ వదలాల్సిన పనిలేదు, తాడు ముక్క పోతే చాలు. మొదటి రెండు సార్లు నా రంధ్రాలు కలవలేదు. మూడోసారి కలిశాయి గానీ తీగ తాడును పట్టుకోలేదు. గ్లోవ్స్ తీసి చేస్తే వేళ్లు మొద్దుబారాయి. ఏడోసారికి గ్లోవ్స్ ఉంచుకునే, నాలుగు నిమిషాల్లో అయింది.

గ్లోవ్స్ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఎక్కడానికి పల్చటివి, కింద నిలబడి తాడు పట్టుకోవడానికి మందపాటివి, ఇంకో పల్చటి జత జాకెట్ లోపల గుండెకు ఆనించి. తడిసిన జత అక్కడ పెడితే ఒంటి వేడికి కాస్త ఆరుతుంది. ఎంత మంచి టూల్స్ ఉన్నా పిడికిలి బిగియకపోతే పనికిరావు. డబ్బు మిగిలితే మూడో టూల్ కాదు, నాలుగో జత గ్లోవ్స్ కొనమంటాను ఎవరికైనా.

నాలుగో రోజు: విశ్రాంతి

వాతావరణం తిరగబడింది. పొద్దున సున్నా దాటి, తడి మంచు కురుస్తోంది. ఎక్కడం లేదు. క్రోసోబానెన్ కేబుల్ కారు ఎక్కాం. చలికాలంలో ఊరివాళ్లకు ఎండ కనిపించాలని అప్పట్లో ఎరువులు తయారుచేసిన నోర్స్క్ హైడ్రో కంపెనీ 1928లో కట్టించిన కేబుల్ కారు ఇది. ఇవాళ పైన కూడా మబ్బే.

మధ్యాహ్నం వేమోర్క్ విద్యుత్ కేంద్రం, ఇప్పుడది మ్యూజియం. 1911లో మొదలైనప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద జలవిద్యుత్ కేంద్రం. తర్వాత భారజలం ఇక్కడే తయారైంది. రెండో ప్రపంచ యుద్ధంలో నార్వేను ఆక్రమించిన జర్మన్ల అణు పరిశోధనకు అది అందకూడదని 1943 ఫిబ్రవరి 27 రాత్రి తొమ్మిది మంది నార్వే యువకులు వచ్చారు. కేంద్రానికి వెళ్లే వంతెన మీద కాపలా ఉంది. అందుకని వాళ్లు మంచులో లోయ అడుగుకు దిగి, గడ్డకట్టిన మోనా నది దాటి, అవతలి గట్టు ఎక్కి, రైలు పట్టాల వెంట లోపలికి వెళ్లారు. భారజలం తయారుచేసే పరికరాలు పేల్చేసి, ఒక్కరు కూడా దొరక్కుండా వెళ్లిపోయారు. నాయకుడు యోఆకిమ్ రోన్నెబర్గ్‌కు అప్పుడు 23 ఏళ్లు. మిగిలిన భారజలాన్ని జర్మనీకి తరలిస్తుంటే, 1944లో ఆ ఫెర్రీని ముంచింది మొన్న మేం దాటొచ్చిన టిన్ సరస్సులోనే.

నేను వంతెన మీద నిలబడి చాలాసేపు కిందికి చూశాను. కాళ్లకు క్రాంపాన్లు, నెత్తిన హెడ్‌ల్యాంప్, మీద 60 మీటర్ల తాడు ఉండి కూడా ఆ గట్టు చూస్తే నాకు టెన్షన్‌గా ఉంది. వాళ్లు చీకట్లో, వీపున పేలుడు సామగ్రితో ఎక్కారు.

ఐదో రోజు: వేమోర్క్ లోయ

ఆ వంతెన పక్క గోడల మీదే పొడవాటి ఐస్ దారులున్నాయి. రాత్రి మైనస్ 2కు తగ్గింది. పొద్దున ఫోన్‌లో సూచన చూస్తే మధ్యాహ్నానికి మళ్లీ ప్లస్ 1. "పొద్దున్నే మొదలుపెడదాం, బాగోకపోతే వెనక్కి" అన్నాడు అన్న. చీకటి ఉండగానే కాలిబాటన లోయ అడుగుకు దిగాం.

మొదటి 45 మీటర్లు అన్న లీడ్ చేశాడు. నేను వెనక ఎక్కుతూ స్క్రూలు తీసుకుంటూ వెళ్లాను. ఐస్ మెత్తగా, ఒక్క దెబ్బకు దిగుతోంది. గోడ మూలలో మందపాటి ఐస్ గద్దె మీద ఆగి రెండు స్క్రూలకు కట్టుకున్నాం. పైన 50 మీటర్ల నిటారు స్తంభం, నీలం రంగులో. ఇంత అందమైనదాన్ని ఎక్కబోతున్నామని లోపల పొంగిపోతున్నాను.

అన్న పది మీటర్లు ఎక్కాడు. అప్పటిదాకా "ఠక్, ఠక్" అని వినబడిన శబ్దం "డబ్" అని మారింది. కొట్టింది తలుపునా అన్నట్టు. ఇంకో అడుగు. మళ్లీ "డబ్". స్క్రూ తిప్పాడు. నాకు కిందికి కడ్డీ రాలేదు, సన్నటి నీటి ధార వచ్చింది.

"ఎలా ఉంది అన్నా?"

"లోపల నీళ్లు పోతున్నాయి. నీ ముఖం దగ్గర చూడు, ఏమైనా కనిపిస్తోందా?"

నా కళ్లకు జానెడు దూరంలో ఐస్ గాజులా ఉంది. దాని వెనక నల్లటి బుడగలు ఒకదాని వెంట ఒకటి, పొడవుగా సాగుతూ, విడిపోతూ కిందికి జారిపోతున్నాయి. నిన్న కురిసిన తడి మంచు కరిగి, అంతా రాతికీ ఐస్‌కూ మధ్య నుంచి పారుతోంది. మేం ఆనుకుని ఉన్న గద్దె గోడ మూలకు గట్టిగా అతుక్కుంది, దాని వెనక ఏ బుడగా లేదు. స్తంభం మాత్రం రాతిని వదిలేస్తోంది.

చెప్పాను. రెండు క్షణాలు మౌనం. "అయితే దిగుదాం. నువ్వేమంటావ్?"

నాకు ఎక్కాలనే ఉంది. ఇంకో నలభై మీటర్లు, ఎవరూ పడలేదు, అన్న చేయగలడు. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ లీడ్ చేసేవాడు ఐస్ మీద అసలు పడకూడదనేది మొదటి పాఠం. పడితే క్రాంపాన్ పళ్లు ఎక్కడో తగులుకుని చీలమండ విరుగుతుంది. అక్కడ స్క్రూ కూడా ఆపేలా లేదు. "దిగుదాం అన్నా" అన్నాను. ఎక్కిన పది మీటర్లూ అన్న ఒక్కో అడుగూ వెనక్కి దిగాడు. పైకి ఎక్కినదానికి రెట్టింపు సమయం పట్టింది.

గద్దె మీదికి వచ్చాక 22 సెంటీమీటర్ల స్క్రూ నా చేతికిచ్చి, "నువ్వే చెయ్యి" అన్నాడు. మొదటి రంధ్రంలోంచి పొడవాటి గాజు కడ్డీ వచ్చింది. రెండోది కూడా. రెండూ మొదటిసారే కలిశాయి. తీగ దూర్చి లాగితే తాడు బయటికి వచ్చింది. అన్న ముడి చూసి, రెండుసార్లు లాగి, తోడుగా ఒక స్క్రూ వదులుగా తగిలించి ముందు తను దిగాడు. అబలకోవ్ కదల్లేదని చూశాక, ఆ తోడు స్క్రూ తీసేసి నేను దిగాలి. తీసి హార్నెస్‌కు తగిలించుకున్నాను. ఇక నన్ను పట్టుకుని ఉన్నది నేను చేసిన రెండు రంధ్రాలు, ఒక తాడు ముక్క. ఆ 45 మీటర్లూ ఎలా దిగానో గుర్తులేదు గానీ, ఆ ముడి రంగు మాత్రం ఇప్పటికీ కళ్లముందుంది. పసుపు, మధ్యలో నల్ల గీత.

తాడు లాగేసుకుని పదిన్నరకు గోడకు దూరంగా నడిచాం. మధ్యాహ్నం వంతెన మీంచి చూస్తే, మేం ఎక్కాలనుకున్న స్తంభం పైభాగాన తెల్లటి అడ్డగీత ఒకటి కనిపించింది. పొద్దున అది లేదు.

ఆరో రోజు: క్రోకన్

రాత్రి ఆకాశం విప్పారింది. మైనస్ 7. తడిసినదంతా తిరిగి గట్టిపడి, క్రోకన్‌లో రాతికి అతుక్కున్న పొట్టి గోడలు ఎంతో బాగా తయారయ్యాయి. 25 మీటర్ల గోడ, కష్టం గ్రేడు మూడు. ఐస్ గ్రేడులు మామూలుగా ఒకటి నుంచి ఏడు దాకా ఉంటాయి. అన్న గోడ మొత్తం తట్టి చూసి పక్కకు జరిగాడు. "నీదే."

కట్టుకున్నాను. బూట్లు తన్ని చూశాను, రెండువైపులా. మొదటి స్క్రూ మూడు మీటర్ల దగ్గరే వేశాను, తొందరగా వేస్తేనే నేలకు తగలకుండా ఉంటాం. నడుం ఎత్తులో వేయడం తలపైన వేయడం కంటే చాలా తేలిక, బలం ఖర్చవదు. కడ్డీ తెగకుండా వచ్చింది. తాడు తగిలించిన క్లిక్ శబ్దం వినగానే ఊపిరి తీసుకున్నాను. అప్పటిదాకా బిగబట్టి ఉన్నట్టు కూడా తెలియదు. తర్వాత మూడు మీటర్లు, ఇంకో స్క్రూ. మడమలు దించు, మడమలు దించు అని నాకు నేను పైకే చెప్పుకుంటున్నాను. పదిహేనో మీటర్ దగ్గర చిన్న ఉబ్బు దాటాలి. అక్కడ చెయ్యి కొంచెం వణికింది. మూడో దెబ్బకు ముక్కు దిగింది, శబ్దం "ఠక్". పాదాలు సర్దుకుని లేచాను.

పైన చెట్టుకు స్లింగ్ (గట్టి పట్టీ) చుట్టి కట్టుకున్నాక చుట్టూ చూశాను. ఎదురుగా ఉన్న కొండ నెత్తిన సన్నటి ఎండ గీత పడింది, పసుపుగా. లోయంతా ఇంకా నీడలోనే ఉంది. తాడు లాక్కుని, "వచ్చెయ్ అన్నా!" అని అరిచాను.

అన్న ఒక్కొక్క స్క్రూ తీసుకుంటూ, ఒక్కొక్క దాని దగ్గర కాసేపు ఆగుతూ వచ్చాడు. పైకి చేరాక గ్లోవ్స్ తీసి, ఏడు స్క్రూలూ లెక్కపెట్టి నా హార్నెస్‌కు తగిలించాడు.

"నాలుగోది రాతికి తగిలింది, చూశావా? అక్కడ పొట్టిది వేయాల్సింది" అన్నాడు.